ఓస్లోలో పాత మిల్లుల వాడను నడిచి చూడటం ఎలా: ఆదోని నుంచి వెళ్లేవారి కోసం

కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల నుంచి పిల్లల దగ్గర రెండు మూడు నెలలు ఉండి రావడానికి నార్వే రాజధాని ఓస్లోకు వెళ్లే తల్లిదండ్రుల కోసం ఈ వివరాలు రాస్తున్నాను. అక్కడికి చేరినవారిని పిల్లలు సముద్రపు పాయ ఒడ్డుకు, ఒపేరా భవనానికి, విగ్రహాల పార్కుకు తీసుకుపోతారు. అవన్నీ చూడదగినవే. అయితే పత్తి మండీ ఉన్న ఊళ్లో పుట్టి పెరిగినవారు ఆ నగరంలో తప్పక చూడవలసినది మరొకటి ఉంది. నగరం మధ్యగా పారే అకెర్‌సెల్వా అనే చిన్న నది, దాని గట్టున నిలిచిన నూలు మిల్లులు, నేత మిల్లులు, వాటిలో పనిచేసినవారు కాపురాలు చేసిన సాగెనె, గ్రూనర్‌లొక్కా పేటలు కలిసి ఆ దేశపు యంత్ర పరిశ్రమ పుట్టిన చోటు. ఒక్క పూట చాలు, కాని ఆ పూటను సరైన వైపు నుంచి మొదలుపెట్టాలి.

నేను మొదటిసారి తప్పు వైపు నుంచి మొదలుపెట్టాను. ఒక ఆదివారం మా అమ్మాయి, అల్లుడు నన్ను నది కింది భాగంలో ఉన్న ఆహారశాలకు తీసుకువెళ్లారు, పక్క సందులో జరిగే ఆదివారపు సంతను చూపించారు. గోడల నిండా రంగుల బొమ్మలు, కాఫీ వాసన, చేతితో చేసిన నగలు అమ్మేవాళ్లు, ఇవే నా కంటికి కనిపించాయి. పాత ఇటుక గోడలు ఉన్నాయని గమనించాను కాని అవి అక్కడే ఎందుకున్నాయో నాకు బోధపడలేదు. వారం తరువాత ఒక్కడినే మెట్రో ఎక్కి పై భాగానికి పోయి, నీళ్లతో పాటు కిందికి నడిచి వచ్చాను. అప్పుడు ప్రతి మిల్లూ తన చోటును తానే చెప్పుకుంది. కాబట్టి నా మొదటి మాట ఇదే: ఈ వాడను పైనుంచి కిందికి, నీరు పారే దిక్కుగానే చూడండి.

కారణం నీటిలోనే ఉంది. నగరానికి ఉత్తరాన అడవుల మధ్య మారిడాల్స్‌వన్నె అనే సరస్సు ఉంది. సముద్ర మట్టానికి 149 మీటర్ల ఎత్తున ఉన్న ఆ సరస్సే నేటికీ ఓస్లో వాసుల్లో అత్యధికులకు తాగునీరు ఇస్తున్నది. అక్కడ పుట్టిన అకెర్‌సెల్వా పది కిలోమీటర్లు కూడా నిండని దారిలో ఆ 149 మీటర్లూ దిగి సముద్రంలో కలుస్తుంది, ఆ దిగడంలో ఇరవై దాకా జలపాతాలు పడతాయి. మన తుంగభద్రలా విశాలంగా పారే నదిని ఊహించుకుని వెళితే నిరాశ పడతారు. చాలా చోట్ల దాని వెడల్పు మన వాగు వెడల్పే. కాని మిల్లు పెట్టేవాడికి నీటి వెడల్పుతో కన్నా నీరు పడే ఎత్తుతోనే ఎక్కువ పని. బొగ్గు గనులు లేని దేశంలో, ఓడరేవుకు అంత దగ్గరగా, ఇన్ని మెట్లుగా పడే నీరు దొరకడం వల్లనే పరిశ్రమ ఈ గట్టును పట్టుకుంది. మొదట వచ్చినవి పిండి మరలు, వాటి తరువాత దుంగలు కోసే రంపపు మిల్లులు. సాగెనె అనే పేట పేరుకు నార్వే భాషలో రంపాలనే అర్థం. తరువాత కాగితపు మిల్లు, ఆ తరువాత 1840ల నడుమ నుంచి పత్తి మిల్లులు వచ్చాయి.

పత్తి మిల్లులు సరిగ్గా ఆ కాలంలోనే ఎందుకు వచ్చాయన్నది తెలుసుకుని నడిస్తే గోడల మీది సంవత్సరాలు అర్థమవుతాయి. నూలు వడికే యంత్రాలను విదేశాలకు పంపకూడదని బ్రిటన్ చాలా కాలం నిషేధం పెట్టుకుని ఉండేది. 1843లో ఆ నిషేధాన్ని ఎత్తివేశారు. రెండు మూడేళ్లు తిరక్కుండానే ఈ నది మీద రెండు నూలు మిల్లులు లేచాయి, 1845లో పైన నీడాలెన్ కంపెనీ, 1846 నాటికి దిగువన వోయెన్ దగ్గర డెన్మార్కులో పుట్టిన క్నూడ్ గ్రా అనే వ్యాపారి మిల్లు. మన నల్లరేగడిలో పండిన పత్తి రైలెక్కి బొంబాయికి పోవడానికి 1871లో మద్రాసు రైలుమార్గం రాయచూరు దాకా కలవవలసి వచ్చినట్లే, అక్కడ కదుళ్లు తిరగడానికి లండనులో ఒక చట్టం మారవలసి వచ్చింది.

ఇక బయలుదేరే సంగతి. మే నుంచి సెప్టెంబరు దాకా వాతావరణం అనుకూలంగా ఉంటుంది. జూన్‌లో రాత్రి పదింటికి కూడా వెలుతురు ఉంటుంది కాబట్టి తొందర అక్కరలేదు. డిసెంబరులో పగలు ఆరు గంటలే, దారి మీద మంచు గట్టిపడి అద్దంలా ఉంటుంది. ఆ కాలంలో తప్పనిసరిగా నడవాలంటే బూట్లకు కింద తొడుక్కునే ఇనుప ముళ్ల పట్టీలు అక్కడి దుకాణాల్లో దొరుకుతాయి, అవి లేకుండా గట్టు దిగవద్దు. మన చెప్పులతో వేసవిలో కూడా ఈ దారి నడవలేరు. పైన వానకోటు, లోపల ఒక ఉన్ని చొక్కా ఉంటే చాలు. కుళాయి నీరు నేరుగా తాగవచ్చు కనుక సీసా నింపుకుని వెళ్లండి. బయట తిండి ఖరీదు ఎక్కువ. నేను చిత్రాన్నం డబ్బాలో కట్టుకుని పోయి బెంచీ మీద కూర్చుని తిన్నాను, ఎవరూ వింతగా చూడలేదు. మెట్రోకూ ట్రామ్‌కూ బస్సుకూ ఒకటే టికెట్టు, నగరం మొత్తం ఒకే మండలంలోకి వస్తుంది. 67 ఏళ్లు నిండినవారికి తగ్గింపు ఉంటుంది కాబట్టి ఫోనులో టికెట్టు తీసేటప్పుడు పిల్లలను ఆ వరుసే నొక్కమనండి. టికెట్టు చూసేవాడు గేటు దగ్గర ఉండడు, బండి లోపల ఎప్పుడైనా వస్తాడు. టికెట్టు లేకపోతే జరిమానా పెద్దది.

నడక మొదలుపెట్టవలసిన చోటు నీడాలెన్ మెట్రో స్టేషను. 2003లో తెరిచిన ఆ స్టేషను నుంచి బయటికి వస్తే గాజు అద్దాల ఆఫీసులు, 2005లో అక్కడికి తరలివచ్చిన పెద్ద వ్యాపార కళాశాల ఎదురవుతాయి. పాత మిల్లు ఎక్కడుందా అని వెతుక్కోవలసి వస్తుంది. నీళ్ల శబ్దం వినిపించే వైపుకు నాలుగు అడుగులు వేయండి. నది దగ్గరికి చేరగానే ఎర్ర ఇటుకల పొడుగాటి భవనాలు గట్టును ఆనుకుని కనిపిస్తాయి. నీడాలెన్ కంపెనీ ఇక్కడ నూలు వడికింది, దాని పొరుగున 1853 నుంచి ఒక మేకుల కర్మాగారం ఇనుము కొట్టింది. ఒకే నీరు ముందు ఒకరి చక్రాన్ని తిప్పి, కిందికి పోయి మరొకరి చక్రాన్ని తిప్పేది. ఇక్కడ ఎక్కువసేపు ఆగనక్కరలేదు. కొత్త కట్టడాలు పాతవాటిని బాగా కమ్మేశాయి.

నది వెంట కాలిబాట తప్పిపోయే అవకాశం లేదు. కొన్ని చోట్ల రెండు ఒడ్డులా దారి ఉంటుంది, వంతెన వచ్చినప్పుడల్లా అటు ఇటు మారవచ్చు. కొంత దూరం పోయాక బ్యోల్సెన్ పిండి మర కనిపిస్తుంది. ఈ నది మీద ఉన్న పాత మిల్లుల్లో ఇప్పటికీ పనిచేస్తున్నది కనుక దాని ముందు ఒక నిమిషం నిలబడండి. ఆ తరువాతది బెంట్సె వంతెన ప్రాంతం. 17వ శతాబ్దం చివరలో నార్వే తొలి కాగితపు మిల్లు అక్కడే పెట్టారు. దానికి సమీపంలో మీరెన్ యంత్రశాల భవనాలు ఉన్నాయి. 1848లో ఆరంభమైన ఆ యంత్రశాల మిల్లులకు కావలసిన యంత్రాలను స్వయంగా తయారుచేయడం మొదలుపెట్టింది. నా దృష్టిలో ఇది చిన్న విషయం కాదు. బయటి నుంచి యంత్రం తెచ్చుకున్న ఊరు, ఆ యంత్రాన్ని బాగుచేసుకునే పనివాళ్లను తయారుచేసుకుని, వాళ్ల చేతనే కొత్త యంత్రాలను చేయించుకునే దశకు ఎన్నేళ్లలో వచ్చిందో ఈ రెండు కిలోమీటర్లలో కాళ్లతో కొలవవచ్చు.

బేయెర్ వంతెన దగ్గరికి వచ్చాక కనీసం అరగంట కేటాయించుకోండి. చెక్క వంతెన, దాని పక్కన ఎగిసిపడే జలపాతం, జలపాతం పక్కనే యూలా నేత మిల్లు. హాల్వర్ స్కౌ అనే పారిశ్రామికవేత్త 1855లో కట్టించిన మిల్లు ఇది. ఆయన తండ్రి గ్రూనర్‌లొక్కా అంచున బీరు కర్మాగారం నడిపినవాడు. యూలా ఆ కాలపు నార్వేలోని పెద్ద నేత మిల్లుల్లో ఒకటి, 1957లో మూతపడింది. లోపల ఇప్పుడు ఆఫీసులు, చిన్న పనిశాలలు ఉన్నాయి. లోపలికి పోయే పని లేదు. చూడవలసినదంతా బయటి గోడ మీదే ఉంది.

ముందుగా కిటికీలు చూడండి. ఒక్కో కిటికీ నిలువునా పొడవుగా, చిన్న చిన్న అద్దపు గళ్లతో ఉంటుంది, ఒకదాని పక్కన ఒకటి దగ్గర దగ్గరగా ఉంటాయి. దీపం వెలుగులో తెగిన పోగు కనిపించదు కాబట్టి పగటి వెలుతురును వీలైనంత లోపలికి లాగడానికే ఆ ఏర్పాటు. తరువాత భవనం ఆకారం చూడండి. అంతస్తు మీద అంతస్తుగా ఎత్తుగా ఉంటుంది, కాని వెడల్పు తక్కువ. నీటి చక్రం, తరువాతి కాలంలో టర్బైను, కింద ఒకే చోట తిరుగుతుంది. ఆ తిరుగుడు ఒక నిలువు ఇరుసు గుండా పైకి ఎక్కి, ప్రతి అంతస్తులోనూ కప్పు కింద పొడుగునా సాగే షాఫ్టుకు అందుతుంది. షాఫ్టు మీది చక్రాల నుంచి తోలు బెల్టులు దిగి ఒక్కో మగ్గాన్ని నడుపుతాయి. షాఫ్టు ఎంత పొడవు సాగితే అంత శక్తి రాపిడిలో పోతుంది. అందుకే మిల్లును విశాలంగా పరచడం కన్నా నీటికి దగ్గరగా ఒకదానిపై ఒకటిగా పేర్చడం మేలు. వెలుతురు కూడా భవనం మధ్యకు చేరాలంటే వెడల్పు తక్కువగా ఉండాలి. ఇప్పుడు గోడ మీద అక్కడక్కడా ఇనుప బిళ్లలు, అడ్డకడ్డీలు కనిపిస్తాయేమో వెతకండి. మగ్గాల అదురుకు గోడలు విచ్చుకోకుండా లోపలి దూలాలను బయట బిగించడానికి పాత మిల్లుల్లో అలాంటివి వాడేవారు. కప్పు కొసన బయటికి పొడుచుకు వచ్చిన దూలం, దానికి గిలక తగిలించే కొక్కెం ఉంటే, ఆ దారినే సరుకు పైకి ఎక్కేదని గుర్తు. పొగగొట్టం కనిపిస్తే, చలికాలంలో నది గడ్డకట్టి నీరు తగ్గినప్పుడు ఆవిరి యంత్రం మీద ఆధారపడ్డారని అర్థం చేసుకోవచ్చు.

మా నాయన ఆదోనిలో ఒక జిన్నింగు మిల్లులో కాటా రాసేవాడు. సెలవుల్లో నేను ఆయనకు అన్నం క్యారియరు పట్టుకుపోయేవాణ్ణి. పాత షెడ్డులో కప్పు కింద ఒకే ఇనుప షాఫ్టు, దాని నుంచి వరసగా బెల్టులు, కింద పత్తిని గింజ నుంచి విడదీసే జిన్నులు, గాలిలో తేలే దూది, ఆ హోరులో చేతులతోనే మాట్లాడుకునే ఆడకూలీలు నాకు బాగా గుర్తు. బేయెర్ వంతెన మీద నిలబడి ఆ కిటికీల వెనక ఏమి తిరిగి ఉంటుందో ఊహించుకోవడానికి నాకు ఏ పుస్తకమూ అవసరం కాలేదు. మీలో జిన్నింగు మిల్లుల్లో, నూనె మిల్లుల్లో, తాడిపత్రి, యెమ్మిగనూరు మగ్గాల దగ్గర బతికినవారికి కూడా అవసరం కాదు.

ఆ వంతెన దగ్గరే నలుగురు అమ్మాయిల విగ్రహాలు ఉన్నాయి. శిల్పి ఎలెన్ యాకోబ్‌సెన్ మలిచిన ఈ విగ్రహాలను 1986లో నిలిపారు. దొరల విగ్రహాలు, రాజుల విగ్రహాలు ఆ నగరంలో చాలా ఉన్నాయి, కాని ఇక్కడ నిలబెట్టినది మిల్లులో పనిచేసిన ఆడపిల్లలను. ఈ మిల్లుల్లో మగవారి కన్నా ఆడవారే ఎక్కువ, వారిలో పల్లెల నుంచి బతుకుతెరువుకు వచ్చిన పడుచుపిల్లలు అనేకులు. చిన్నపిల్లలు కూడా పనిచేసేవారు. పన్నెండేళ్ల లోపు పిల్లలను కర్మాగారాల్లో పెట్టుకోకూడదని చట్టం వచ్చింది 1892లోనే. విగ్రహాలకు పూలదండలు ఉండవు, పక్కన రాతిపలక మీద గొప్పలు ఉండవు. జనం వాటి పక్కన నిలబడి ఫోటోలు తీసుకుంటారు. మీరూ తీసుకోండి, కాని అంతకు ముందు వాళ్లు నిలబడిన చోటు నుంచి మిల్లు గేటు ఎంత దూరమో ఒకసారి చూడండి.

వంతెన దిగి సాగ్‌వైయెన్ అనే వీధిలోకి వస్తే కార్మికుల మ్యూజియం ఉంది. ఓస్లో మ్యూజియం సంస్థ 2013 నుంచి దాన్ని నడుపుతున్నది. అది వారంలో అన్ని రోజులూ తెరిచి ఉండదు కాబట్టి ముందుగా చూసుకుని ఆ రోజుకే మీ నడకను పెట్టుకోండి. చిన్న మ్యూజియమే, కాని పనివాళ్లు వాడిన వస్తువులు, వాళ్ల ఫోటోలు, వాళ్ల మాటలు అక్కడ ఉన్నాయి. అదే వీధిలో క్నూడ్ గ్రా తన మిల్లు పనివారి కోసం కట్టించిన ఇల్లు ఉంది. మ్యూజియంవారు వెంట తీసుకువెళ్లి చూపించే రోజున వీలైతే తప్పక లోపలికి వెళ్లండి. ఒక గది, ఒక వంటిల్లు, అందులో కుటుంబం మొత్తం. ఇంగ్లీషులో చెప్పేవారు ఉంటారు, భాష తెలియకపోయినా పొయ్యి, మంచం, నీళ్ల బకెట్టు తమ సంగతి తాము చెబుతాయి.

మరికాస్త కిందికి దిగితే మూడు నాలుగు పెద్ద భవనాలు కలిసిన ఒక ప్రాంగణం వస్తుంది. 1856లో మొదలైన ఆ కర్మాగారం ఓడల తెరచాపలకు కావలసిన ముతక గుడ్డ నేసేది. ఇంకోసారి నాతో వచ్చినప్పుడు మా అమ్మాయి నన్ను అక్కడ ఆపి, "నాయనా, ఇది ఇప్పుడు ఫ్యాక్టరీ కాదు, కాలేజీ" అంది. నిజమే, ఇప్పుడు అందులో జాతీయ కళల అకాడమీ ఉంది. బొమ్మలు గీసేవారు, నాటకాలు వేసేవారు, నృత్యం నేర్చుకునేవారు ఒకనాడు మగ్గాలు నిలిచిన గదుల్లో చదువుకుంటున్నారు. పెద్ద గదులు, ఎత్తైన కప్పులు, గట్టి నేల, నిండా వెలుతురు, ఇవే మగ్గానికి కావలసినవి, కళాకారుడికి కావలసినవి కూడా ఇవే. పాత మిల్లును కూల్చకుండా ఇంకో పనికి మళ్లించాలని ఆలోచించేవారు ముందు ఆ భవనంలో ఏ గుణాలు ఉన్నాయో చూసి, ఆ గుణాలు అవసరమైన పనిని వెతకాలన్న సూత్రానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు కనబడలేదు.

దానికి దగ్గరలోనే గొలుసులతో వేలాడే ఓమోట్ వంతెన ఉంది. 1852లో ఇక్కడికి దూరంగా మోడుమ్ అనే చోట ద్రామెన్ నది మీద కట్టిన వంతెన అది. అక్కడ దాని పని తీరిపోయాక విప్పి తెచ్చి 1962లో ఈ నది మీద బిగించారు. వంతెన పైభాగంలో పాత నార్వే భాషలో ఒక వాక్యం రాసి ఉంటుంది. "నూరుగురు మనుషులను మోయగలను, కానీ అడుగు కలిపి కవాతు చేస్తే నిలవలేను" అని దాని అర్థం. వందమంది తలో రకంగా నడిస్తే ఊపులు ఒకదాన్నొకటి చంపుకుంటాయి, అందరూ ఒకేసారి పాదం మోపితే ఊపు మీద ఊపు చేరి వంతెన తెగుతుంది. ఆ వాక్యం కింద నిలబడితే నాకు మా మిల్లు వాకిలి గుర్తుకు వచ్చింది. 170 కిలోల బేలును లారీలోకి ఎక్కించడానికి వాల్చిన చెక్క మీద ఇద్దరు ముగ్గురు హమాలీలు ఒకేసారి ఎక్కితే, "అడుగు కలపకండ్రా" అని మేస్త్రీ కేకవేసేవాడు. చెక్క విరుగుతుందని ఆయన భయం. ఒకే సంగతిని ఒకచోట ఇనుము మీద రాసిపెట్టుకున్నారు, మరోచోట కేకవేసి చెప్పుకున్నారు.

ఇక్కడి నుంచి దారి చదును అవుతుంది. నెద్రె ఫొస్ అనే చివరి జలపాతం దగ్గర పాతకాలంలో రాజుగారి పిండి మర ఉండేది. దాని పక్కన ఆకాశాన్ని తాకుతున్నట్లు గుండ్రటి గొట్టాల కట్ట ఒకటి నిలబడి ఉంటుంది. అది 1953లో ధాన్యం నిల్వకు కట్టిన గాదె. 2001లో దాన్ని విద్యార్థుల వసతిగృహంగా మార్చారు, కాబట్టి అందులో గదులకు గుండ్రటి గోడలు ఉంటాయి. లోపలికి పోనివ్వరు, బయటి నుంచి తలెత్తి చూస్తే చాలు. నది దాటితే వుల్కాన్ అనే పాత ఇనుప పోత కర్మాగారం చోటు. నేను మొదటి రోజు వచ్చిన ఆహారశాల ఇక్కడిదే, దాన్ని 2012లో తెరిచారు. పైనుంచి నడిచి వచ్చి, అలసిపోయి, ఆ ఇనుప కమ్మీల కింద కూర్చుని టీ తాగినప్పుడు అది నాకు వేరే చోటులా అనిపించింది. శాకాహారులు ఏది కొన్నా ముందు అడిగి తీసుకోండి.

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. ఈ కింది భాగంలో, ముఖ్యంగా చీకటి పడ్డాక, మత్తుపదార్థాలు అమ్మేవారు గట్టు మీద తిరుగుతుంటారు. పగటిపూట కుటుంబాలు, పిల్లలు, పరుగు తీసేవారు నిండుగా ఉంటారు కాబట్టి భయం లేదు. ఎవరైనా పలకరిస్తే తల అడ్డంగా ఊపి ముందుకు సాగిపోండి, చీకటి పడేలోగా పెద్ద వీధిలోకి వచ్చేయండి.

నది గట్టు వదిలి తూర్పుకు ఎక్కితే గ్రూనర్‌లొక్కా పేట. 1651లో ఈ భూములనూ రాజుగారి మరనూ కొన్న ఫ్రీడ్రిక్ గ్రూనర్ అనే టంకశాల అధికారి పేరే దీనికి వచ్చింది. 1858లో ఈ ప్రాంతం నగరంలో కలిసింది. 1861లో తోర్వాల్డ్ మేయర్ అనే సంపన్నుడు భూములు కొని, వీధులు గీసి, స్థలాలుగా అమ్మాడు. ప్రధాన వీధి ఈనాటికీ ఆయన పేరుతోనే ఉంది, దాని మీదుగా ట్రామ్ పోతుంది. నగరం హద్దులో చెక్క ఇళ్లు కట్టకూడదని నిప్పు భయంతో నియమం ఉండేది. అందుకే మిల్లు కూలీలకు కూడా నాలుగంతస్తుల ఇటుక భవనాలే లేచాయి. నదికి అవతలి గట్టు మీద టెల్ట్‌హుస్‌బక్కెన్ అనే వీధిలో చిన్న చిన్న రంగుల చెక్క ఇళ్లు కనిపిస్తాయి. అవి కట్టిన కాలానికి ఆ చోటు నగరం హద్దు బయట ఉండేది. ఏ ఇంటికి ఏ సామాను వాడారో చూసి పాత ఊరి పొలిమేర ఎక్కడ ఉండేదో చెప్పేయవచ్చు.

బిర్కెలుండెన్ అనే చౌకు చుట్టూ ఉన్న ఇళ్లను వరుసగా చూడండి. 2006లో ఈ ప్రాంతాన్ని మొత్తంగా రక్షిత వారసత్వ పరిసరంగా ప్రకటించారు. నార్వేలో నగరం మధ్యన ఒక వాడ అంతటికీ అలాంటి రక్షణ దొరకడం అదే మొదలు. వీధి వైపు గోడలకు సున్నపు అలంకారాలు, పూలు, తలలు ఉంటాయి. లోపలి పెరటి వైపు గోడ సాదాగా ఉంటుంది. ఒకప్పుడు నీళ్ల పంపు, మరుగుదొడ్లు, కట్టెల కొట్టు అన్నీ ఆ పెరట్లోనే. గేటు తెరిచి ఉన్నా లోపలికి పోకండి, అవి ఇప్పుడు జనం కాపురముంటున్న ఇళ్లు. వీధిలో నిలబడి కనిపించినంత చూస్తే సరిపోతుంది. చాలా కాలం ఈ నదికి పడమట డబ్బున్నవారు, తూర్పున కూలీలు ఉండేవారు. ఇప్పుడు కూలీల పేటలో ఇంటి ధరలు ఏ కూలీకీ అందనంత పెరిగాయి. ఆ గోడలను కాపాడుకోగలిగారు గాని, ఆ గోడల వెనక ఉండినవారి మనవలు అక్కడే ఉండగలిగే ఏర్పాటు అంత బాగా జరగలేదని నాకు బాధ కలిగింది.

నది మాత్రం నిజంగా బాగుపడింది. మిల్లుల కాలంలో రంగునీళ్లు, మురికి, పరిశ్రమల వ్యర్థాలు అన్నీ ఇందులోకే పోయేవి. 1980ల చివరి నుంచి గట్టు పొడవునా శుభ్రం చేసి, చెట్లు పెంచి, దారి వేశారు. 2011లో పైన నీటిశుద్ధి కేంద్రం నుంచి క్లోరిన్ మందు నదిలో కలిసి చేపలన్నీ చచ్చిపోయాయి. అయినా తరువాత చేపలు మళ్లీ చేరాయి. కింది భాగంలో సాల్మన్ చేపకు గాలం వేసేవారిని మీరు చూడవచ్చు. ఇంకొంచెం పోతే నది వాటర్‌లాండ్ దగ్గర భూమిలోకి దూరి, రైల్వే స్టేషను కింద నుంచి పోయి సముద్రంలో తేలుతుంది. మన నడక అక్కడితో సరి. పక్కనే ఉన్న గ్రోన్‌లాండ్ పేటలో మన ఉపఖండపు కిరాణా కొట్లు వరుసగా ఉన్నాయి. కొత్తిమీర, పచ్చిమిరప, కందిపప్పు కొనుక్కుని ఇంటికి చేరవచ్చు.

తిరిగి మన ఊరికి వచ్చాక ఇదే కంటితో ఒక పూట ఆదోనిలో నడవండి. 1953 దాకా బళ్లారి జిల్లాలో ఉండి, పత్తి వ్యాపారం వల్ల రెండో బొంబాయి అని పేరు తెచ్చుకున్న ఊరు ఇది. కాని ఇక్కడ ఎత్తు నుంచి పడే నీరు లేదు. యంత్రాన్ని నడిపింది ఆవిరి, తరువాత నూనె ఇంజను, తరువాత కరెంటు. అందువల్ల మిల్లు నది గట్టును వెతుక్కోలేదు, రైలుకట్టకూ మండీకీ దగ్గరగా చేరింది. నేల విశాలంగా దొరకడం వల్ల అంతస్తులు లేవకుండా షెడ్డుగా పరుచుకుంది. ఓస్లోలో మీరు నీటి చక్రం ఎక్కడుండేదని వెతికినట్లు ఇక్కడ ఇంజను గది ఎక్కడుండేదని వెతకండి. అది దొరికితే షాఫ్టు దారి, జిన్నుల వరస, ప్రెస్సు, బేళ్ల గోదాము, కాటా గది ఒక్కొక్కటిగా తామే బయటపడతాయి.

మిల్లు మూతపడి ఉంటే యజమాని అనుమతి లేకుండా లోపలికి పోకండి. కప్పు రేకులు, కుళ్లిన దూలాలు ప్రమాదం. అనుమతి దొరికితే ఒక కొలత టేపు, ఒక నోటుబుక్కు, ఫోను తీసుకుని ఉదయం వెలుతురులో వెళ్లండి. ఒక్కో గదిని నాలుగు మూలల నుంచి ఫోటో తీసి, ఏ మూల నుంచి తీశారో నోటుబుక్కులో గీసుకోండి. గోడమీద సంవత్సరం, కంపెనీ పేరు, యంత్రం మీద తయారీదారు బిళ్ల ఉంటే దగ్గరగా తీయండి, తుక్కువాళ్లు మొదట పీకేది ఆ బిళ్లనే. ఆ తరువాత మిల్లులో పనిచేసిన పెద్దలను వెతకండి. గుమాస్తాల పేర్లు, దలారుల పేర్లు లెక్కల పుస్తకాల్లో ఎక్కడో ఒకచోట ఉంటాయి. గింజ ఏరిన, దూది తట్టలు మోసిన ఆడకూలీల పేర్లు తలల లెక్కగానే రాసేవారు, మా నాయన పుస్తకంలో కూడా అంతే, "ఆడ 14" అని ఉండేది. కాబట్టి ముందు వాళ్ల ఇళ్లకు వెళ్లండి, పొద్దున పది గంటల లోపే వెళితే ఎండకు ముందు అరుగు మీద కూర్చుని మాట్లాడతారు.